గోరువెచ్చని నీళ్ళకు వదిలే జిగురు

పసిపిల్లల వార్డు, నర్సుల గది
వానలు మొదలైన వారం

వదినా,

మీరు ఫోను ఎత్తడం లేదని తెగ ఉడికిపోయాను. తర్వాత మీ మెసేజి చూశాను. నా గొంతు వింటే అన్నయ్య మాట్లాడుతున్నట్టే ఉంటోందనీ, ఆ తర్వాత ఏ పనీ చేసుకోలేకపోతున్నారనీ, ఏదైనా ఉంటే కాగితం మీద రాయమనీ. మేమిద్దరం మాట చివర ఒకేలా సాగదీస్తామని అమ్మ ఎప్పుడూ వెక్కిరించేది. సరే, కాగితమే కానివ్వండి. నా దస్తూరీ చూసి మాత్రం నవ్వకూడదు. డాక్టర్ల రాత చదివీ చదివీ నాదీ అలాగే తయారైంది.

అసలు సంగతికి వస్తాను. ప్లాస్టరు అయిపోవచ్చింది. పరీక్షల కోసం మీరిద్దరూ మా వార్డుకి ఇచ్చిన పెట్టెల్లో ఆఖరిది మొన్న తెరిచాం. మా హెడ్ నర్సు దాన్ని తన అలమారాలో పెట్టి తాళం వేసుకుంది. అడిగితే బంగారం తూచినట్టు కత్తిరించి ఇస్తోంది.

మీకు తెలియనిదేమీ కాదు, అయినా రాస్తాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చర్మం తడిసిన ఉల్లిపొరలా ఉంటుంది. ముక్కులో గొట్టం కదలకుండా చెంపకి ప్లాస్టరు వెయ్యక తప్పదు. మార్చాల్సి వచ్చినప్పుడు మామూలు ప్లాస్టరు ఊరికే రాదు, తోలుతో సహా వస్తుంది. అలా లేచొచ్చిన రోజున నేను ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఏడవబట్టే కదా, అన్నయ్య ఆ జిగురు గురించి మొదటిసారి ఆలోచించింది. మీరిద్దరూ అన్నేళ్ళు కూర్చుని చేసినది ఇప్పుడు గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూది అద్దితే దానంతట అదే వదిలేస్తోంది. పిల్లలకి నిద్రాభంగం కూడా ఉండదు.

కొత్తగా ఒక పాప వచ్చింది. వాళ్ళమ్మ బస్సు కండక్టరు, డ్యూటీలో ఉండగానే నొప్పులు మొదలయ్యాయట. పాపకి ఇంకా పేరు పెట్టలేదు. మేం గుప్పెడు అంటున్నాం. నిజంగా గుప్పెడే. కానీ గొట్టం పట్టుకుని లాగెయ్యాలని చూస్తుంది, అంత పౌరుషం.

కంపెనీ మన ప్లాస్టరుని ఎప్పుడు బజార్లోకి తెస్తోందో కనుక్కుని రాయండి. వేళకి తింటున్నారా?

మీ చిన్ని


రసాయనశాస్త్ర విభాగం, పై అంతస్తు

చిన్నీ,

తింటున్నాను. ఒక్కదానికి వండుకోవడం ఇంకా చేతకావడం లేదు. ఇద్దరికి సరిపడా వండేసి మర్నాడూ అదే తింటున్నాను.

కంపెనీ సంగతి కనుక్కోవాల్సిన అవసరం లేకపోయింది. మన జిగురు బజార్లోకి వచ్చేసింది. మొన్న తలనొప్పి మాత్రల కోసం మందుల దుకాణానికి వెళితే గల్లాపెట్టె పక్కనే కనబడింది. పెట్టుడు కనురెప్పల వెంట్రుకలు అంటించుకునే జిగురట. అట్టపెట్టె మీద ఒక అమ్మాయి నవ్వుతోంది, కింద 'గోరువెచ్చని నీళ్ళు చాలు, నొప్పి ఉండదు' అని అచ్చువేశారు. అది మీ అన్నయ్య మాట. పేటెంటు దరఖాస్తులో ఆయన రాసిన మాట. కొని తెచ్చి మణికట్టు మీద రాసి చూశాను. అదే జిగురు, వాసన కూడా మారలేదు.

మర్నాడు మా హక్కుల కార్యాలయానికి వెళ్ళాను. విశ్వవిద్యాలయంలో ఎవరు ఏం కనిపెట్టినా దాని పేటెంటు వ్యవహారం చూసేది అక్కడే. అక్కడి అధికారి మీ అన్నయ్య దగ్గర చదువుకున్నవాడే, లేచి కుర్చీ చూపించాడు. పేటెంటులో కనిపెట్టినవాళ్ళుగా మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి గానీ హక్కు విశ్వవిద్యాలయానిది. తయారుచేసే అధికారం ఆ ఒక్క కంపెనీకే రాసిచ్చేశారు. ఇంకెవరూ చెయ్యకూడదు, నేను కూడా.

పిల్లల ప్లాస్టరు ఏదని అడిగాను. కంపెనీకి ఆసక్తి లేదన్నాడు. కొనేవాళ్ళు తక్కువ, పరీక్షలు ఎక్కువట. పోనీ ఆ ఒక్కదాని వరకు హక్కు వెనక్కి తీసుకుని ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. ఒప్పందంలో 'వాడుకలోకి తేవాలి' అని మాత్రమే ఉందనీ, వాళ్ళు తెచ్చేశారనీ అన్నాడు. పైగా కంపెనీ మాకు కొత్త భవనం కట్టిస్తోంది, ఈ సమయంలో వాళ్ళని కదపడం బాగుండదట. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు పాపం.

పైవాళ్ళకి అర్జీ పెట్టాను. నువ్వు మాత్రం నా ఆఫీసు మెయిలుకి ఏమీ రాయకు, అవి ఎవరెవరు చదువుతారో తెలియదు.

గుప్పెడు కబుర్లు రాస్తూ ఉండు. నాకు ఇప్పుడు అవే కాలక్షేపం.

నీ వదిన


వార్డు
వానలు ఇంకా తగ్గలేదు

వదినా,

మీ ఉత్తరం టీ గదిలో అందరికీ చదివి వినిపించాను. కనురెప్పల దగ్గరకొచ్చేసరికి మా హెడ్ నర్సు గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ కోపం అలాగే ఉంటుంది.

గుప్పెడు బాగుంది. బరువు పెరిగింది. వాళ్ళమ్మ కండక్టరు ఉద్యోగం మానలేదు. ఆఖరి ట్రిప్పు అయ్యాక యూనిఫారంతోనే వచ్చి, చేతులు కడుక్కుని, పాపని గుండెల మీద వేసుకుని కూర్చుంటుంది. నిన్న పాప ఆవలిస్తే నలుగురు నర్సులం చుట్టూ చేరి చూశాం. పని మానుకుని ఆవలింత చూస్తున్నారా అని డాక్టరు కసిరాడు. తర్వాత ఆయనా వంగి చూశాడు.

వదినా, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. జిగురు చెయ్యడం మీ చేతిలో విద్య. మీ ల్యాబులో కొంచెం చేసి పంపిస్తే ఇక్కడ ఎవరూ నోరు మెదపరు. మా అందరి మాటా నాది. ప్లాస్టరు ఆఖరి చుట్టలో లోపలి అట్ట కనిపిస్తోంది.

మీ చిన్ని


ఇంటి నుంచి

చిన్నీ,

పంపలేను.

కోపం రాలేదు. నువ్వు అడగకముందే నేను పదార్థాలన్నీ బల్ల మీద పెట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. అప్పట్లో మీకు ఇచ్చిన ప్రతి చుట్టనీ వేరే ల్యాబులో పరీక్ష చేయించాకే పంపాం. జిగురులో కలవకుండా మిగిలిపోయిన రసాయనం రవ్వంత ఉన్నా ఆ పిల్లల చర్మం లోపలికి పీల్చేసుకుంటుంది. ఇప్పుడు ఎవరికీ తెలియకుండా చేస్తే ఎవరి చేతా పరీక్ష చేయించలేను. ఒప్పందం సంగతి తర్వాత, నీ ఉద్యోగం సంగతీ తర్వాత. పరీక్ష చెయ్యనిది గుప్పెడు చెంప మీద వెయ్యలేను.

అర్జీకి జవాబు వచ్చింది. కుదరదన్నారు. దాంతోపాటు ఇంకో మాట. కొత్త భవనంలో ఒక ప్రయోగశాలకి మీ అన్నయ్య పేరు పెడతారట. ఇత్తడి పలక, పక్కన ఫోటో. ఇక కంపెనీ మీద అర్జీలు పెట్టనని నేనొక కాగితం మీద సంతకం చెయ్యాలి. చెయ్యలేదు. చెయ్యనని కూడా ఇంకా చెప్పలేదు. ఆయన పేరు గోడ మీద ఉంటుందంటే ఆ కాగితాన్ని సంచిలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

పాప ఎలా ఉంది?

నీ వదిన


వార్డు

వదినా,

మీరు చెప్పిన కారణాలన్నీ చదివాను. అన్నీ సరైనవే. మీరు ఎప్పుడూ సరైన మాటే చెబుతారు.

ప్లాస్టరు అయిపోయింది. పాతదే వాడుతున్నాం. నూనె రాసి, తడిపి, గోటితో అంచు లేపి, ఊపిరి బిగబట్టి తీస్తున్నాం.

అన్నయ్య ఉంటే పంపేవాడు. నియమాలు చూసుకునేవాడు కాదు, నేను అడిగానంటే లేచి చేసేవాడు. ఆయన పేరు పెట్టిన గదికి రిబ్బను కత్తిరించే రోజు నన్ను పిలవకండి. నాకు డ్యూటీ ఉంటుంది.

చిన్ని


ఇంటి నుంచి
చలి మొదలైంది

చిన్నీ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. రాసి చింపేశాను, మళ్ళీ రాశాను. అందులో నీ కోపం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. గుప్పెడు మాట లేదు. నేను అడిగినా రాయలేదు. చెప్పాలనిపించినప్పుడు చెప్పు.

అన్నయ్య ఉంటే పంపేవాడన్నావు. పంపేవాడు కాదు. ఈ విషయంలో ఆయన నాకన్నా పిరికివాడు. మొదటి చుట్ట మీ వార్డుకి పంపేముందు తన పొట్ట మీద అంటించుకుని వారం రోజులు తిరిగాడు. నీకెప్పుడూ చెప్పలేదు, నవ్వుతావని.

కానీ ఆయన ఉంటే చేసేవాడని నాకు తెలిసిన పని ఒకటుంది. అది ఇన్ని నెలలుగా నీ దగ్గర దాచాను.

నువ్వు ఆయన్ని మీ వార్డుకి రమ్మని పిలిచిన రోజు గుర్తుందా? నర్సులందరూ కూర్చున్నారు, తలుపు తీసే ఉంది, వరండాలో పిల్లల తల్లిదండ్రులు కూడా నిలబడి విన్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. అందరి ముంజేతులకీ ముక్కలు అంటించాడు. వెచ్చటి నీళ్ళ గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్ళి తీసి చూపించాడు. ఎవరో ఎలా చేశారని అడిగితే, ఏది ఎంత కలపాలో, ఎంత వేడి చెయ్యాలో మొత్తం బోర్డు మీద రాసి చెప్పాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

అప్పటికి పేటెంటు దరఖాస్తు ఇంకా మా ఇంట్లో బల్ల మీదే ఉంది.

కనిపెట్టినదాన్ని దరఖాస్తు పెట్టకముందే నలుగురి ముందు బయటపెడితే ఇక్కడి చట్టం ప్రకారం ఆ పేటెంటు చెల్లదు. చెల్లకపోతే కంపెనీకి రాసిచ్చిన హక్కు కూడా ఉండదు. ఆ జిగురుని ఎవరైనా చేసుకోవచ్చు. గాయాలకి కట్లూ పట్టీలూ చేసే చిన్న కార్ఖానా అయినా సరే, పరీక్షలు చేయించి మీకు ఇవ్వొచ్చు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. దీన్ని ఇదివరకు బయట ఎక్కడైనా వెల్లడించారా అని. మీ అన్నయ్య 'లేదు' అని రాశాడు. మరి చిన్ని వాళ్ళ వార్డో అన్నాను నేను. 'అది బయటెలా అవుతుంది, మన చిన్ని వాళ్ళ వార్డు కదా' అన్నాడు. నాకూ నిజమే అనిపించింది.

ఇప్పుడు ఎవరైనా సవాలు చేస్తే ఆయన అబద్ధం రాశాడంటారు. లాభం కోసం దాచాడంటారు. జవాబు చెప్పుకోవడానికి ఆయన లేడు. అందుకే నోరు మూసుకుని అర్జీలు పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగాను. వేరే ఏ దారైనా దొరుకుతుందేమోనని ఆశ. దొరకలేదు.

ఉద్యోగ ఒప్పందం ప్రకారం నేను సవాలు చెయ్యకూడదు. పిలిచి అడిగితే మాత్రం నిజం చెబుతాను. చెయ్యాల్సింది ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళు. నిన్ను చెయ్యమనడం లేదు. ఆయన నీకు అన్నయ్య. తెలిసిన సంగతి నీకు చెప్పకుండా ఇక ఉండలేకపోయాను, అంతే.

నీ వదిన


మా గది, కిటికీ దగ్గర

వదినా,

గుప్పెడు పోయింది. మీకు కోపంగా ఉత్తరం రాశానే, దానికి ముందు రోజు.

ప్లాస్టరు మారుస్తున్నప్పుడు చెంప మీద తోలు లేచింది. చిన్న ముక్క, చిటికెన వేలి గోరంత. తీసింది నేనే. అక్కడ ఎర్రబడింది, తర్వాత జ్వరం, తర్వాత ఒళ్ళంతా పాకింది. అంత చిన్న పిల్లలకి ఇన్ఫెక్షన్ ఎటునుంచైనా రావచ్చని డాక్టరు నా భుజం తట్టి చెప్పాడు. నిజమే అయ్యుండొచ్చు. వాళ్ళమ్మ యూనిఫారంలో వచ్చింది. చెంప మీద ఆ మచ్చ ఏమిటని అడిగింది. ప్లాస్టరు తీసినప్పుడు లేచిందని చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పాపకి పేరు అనుకున్నామని, రేపు చెబుదామనుకున్నానని అంది. ఆ పేరు నా చెవిలో చెప్పింది. నేను ఎక్కడా రాయను.

మిమ్మల్ని అన్న మాటలకి నాకు మొహం చెల్లడం లేదు. అన్నయ్య పొట్ట మీద ప్లాస్టరు సంగతి చదివి నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను.

అన్నయ్యని రమ్మని పిలిచింది నేను. మా వాళ్ళ ముందు గొప్పగా చెప్పుకుందామని పిలిచాను. మా హెడ్ నర్సుకి మొత్తం గుర్తుంది. బోర్డు మీద రాసింది తుడవబుద్ధి కాక ఆ వారమంతా అలాగే ఉంచామని కూడా ఆవిడే గుర్తుచేసింది. మా నర్సుల సంఘం లాయరుగారిని కలిశాం. సవాలు నా పేరు మీదే వెయ్యమన్నాను. వేరే ఎవరి పేరైనా పెట్టొచ్చు కదమ్మా, సొంత అన్నయ్య కదా అని ఆయన రెండుసార్లు అడిగాడు. ఎవరో పరాయివాళ్ళు అన్నయ్య పేరు ఎత్తి మాట్లాడటం నేను వినలేను. అంటే నేనే అంటాను.

సంతకం పెట్టి వచ్చేశాను. వస్తూనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ చిన్ని


వార్డు
విచారణ అయిన మర్నాడు

వదినా,

నిన్న వరండాలో మీరు అటు చివరన, నేను ఇటు చివరన. తీర్పు వచ్చేదాకా మాట్లాడుకోవద్దన్నారు లాయర్లు. ఈ ఉత్తరం రాయకూడదేమో కూడా. మీరు చిక్కిపోయారు. ఆ నీలం చీరలో మరీ.

నన్ను ముందు పిలిచారు. అంతా చెప్పాను. తలుపు తీసి ఉందా, బయటివాళ్ళు విన్నారా, బోర్డు మీద ఏం రాశారు, అన్నీ. చివర్లో కంపెనీ లాయరు చాలా మెత్తగా అడిగాడు. 'అయితే మీ అన్నగారు దరఖాస్తులో అబద్ధం రాశారంటారు.'

మంచినీళ్ళు కావాలా అని అడిగారు. వద్దన్నాను.

'ఆయనకి మా వార్డు పరాయి చోటు కాదండి. అందుకే లేదని రాశాడు,' అన్నాను.

'నేను అడిగినదానికి జవాబు చెప్పండి. ఆయన రాసింది నిజమా, కాదా?'

'కాదు,' అన్నాను.

ఆ ఒక్క మాట వాళ్ళు రాసుకున్నారు. ముందు చెప్పింది రాసుకోలేదు.

మీ చిన్ని


ఇంటి నుంచి

చిన్నీ,

నన్నూ అదే అడిగారు. నేనూ కాదనే చెప్పాను. మనిద్దరం ఒకే గదిలో, ఒకరి తర్వాత ఒకరం, ఆయన్ని అంత మాట అని వచ్చాం.

పేటెంటు రద్దయింది. నీకూ తెలిసే ఉంటుంది. విశ్వవిద్యాలయం ఒక ప్రకటన అంటించింది, 'దివంగత ఆచార్యుల నిర్లక్ష్యం వల్ల సంస్థకు నష్టం వాటిల్లినది' అని. మా విభాగం నోటీసు బోర్డు మీద, నేను రోజూ ఎక్కే మెట్ల దగ్గరే. ఆయన పేరు రాయించిన ఇత్తడి పలకని స్టోరు గదిలో గోడకి ఆనించి పెట్టారని అటెండరు చెప్పాడు. చూడటానికి వెళ్ళలేదు. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు, ల్యాబు మాత్రం వేరేవాళ్ళకిచ్చారు. పాఠాలు చెప్పుకుంటున్నాను.

గాయాల పట్టీలు చేసే ఒక చిన్న కార్ఖానా యజమానురాలు వచ్చింది. ఒక పూటంతా ఆవిడకి చేసే పద్ధతి వివరించాను. బోర్డు మీద రాసే చెప్పాను.

నీ వదిన


వార్డు
రెండో ఏటి ఎండలు ముదిరాయి

వదినా,

ప్లాస్టరు వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాకే వచ్చింది, కాగితాలు మా హెడ్ నర్సు అక్షరం అక్షరం చదివింది. మొదటిది వేసే పని నాకిచ్చారు. ఇవాళ మార్చాల్సి వచ్చింది. దూది అద్దాను. వదిలేసింది. పిల్లాడు నిద్రలోనే మూతి చప్పరించాడు.

పెట్టె మీద కార్ఖానా పేరు తప్ప ఇంకేమీ లేదు. కొత్తగా చేరిన నర్సమ్మాయి, ఇంత మంచిది ఇన్నాళ్ళూ ఎందుకు లేదక్కా అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను గానీ కండక్టరమ్మ దగ్గరకొచ్చేసరికి ఆపి లేచాను. దుప్పట్ల గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.

సెలవు దొరికితే మీ దగ్గరకి వస్తాను. ఫోను చెయ్యనా?

మీ చిన్ని


ఇంటి నుంచి

చిన్నీ,

చెయ్యి. ఎత్తుతాను. ఈలోగా ఇవాళ జరిగింది రాయకుండా ఉండలేను.

కొత్తగా చేరిన పరిశోధకులకి మా హక్కుల కార్యాలయంవాళ్ళు ఒక పాఠం పెట్టారు. కనిపెట్టినవాటిని కంపెనీలు తన్నుకుపోకుండా ఎలా కాపాడుకోవాలని. అధ్యాపకులందరూ హాజరవ్వాలన్నారు, వెళ్ళి వెనక కూర్చున్నాను. చెప్పింది ఆ అధికారే. నన్ను గమనించలేదు. మధ్యలో ఒక ఉదాహరణ చెప్పాడు. ఒక ఆచార్యుడు ఉండేవాడట. గొప్ప ప్లాస్టరు కనిపెట్టి, దరఖాస్తు పెట్టకముందే చెల్లెలి ఆసుపత్రికి వెళ్ళి, పది మంది చప్పట్లు కొడితే ఉబ్బిపోయి, గుట్టంతా బోర్డు మీద రాసేశాడట. పేరు చెప్పలేదు. పిల్లలు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఆ వయసు పిల్లలు నవ్వే నవ్వే. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. 'మరి ఆ ప్లాస్టరు ఇప్పుడు ఏమైందండీ?'

'ఏముందమ్మా, చెయ్యిజారిపోయింది. ఇప్పుడు ఎవరు పడితే వాళ్ళు చేస్తున్నారు. ప్రతి ఆసుపత్రిలోనూ అదే,' అన్నాడు.

అయ్యో అన్నట్టు అందరూ తలలు ఊపారు.

ప్రతి ఆసుపత్రిలోనూ, చిన్నీ. నాకు అంతవరకు తెలియదు, మీ వార్డు ఒక్కటే అనుకున్నాను. పాఠం అయ్యేదాకా ఎలాగో ఆగి, ఎవరితోనూ మాట్లాడకుండా గబగబా ఇంటికి నడిచాను. తాళం తీసి, చెప్పులైనా విప్పకుండా, విన్నారా అంటూ మీ అన్నయ్య కూర్చునే లోపలి గదిలోకి వెళ్ళిపోయాను.

చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీ వదిన